లియో వెనకాల నేను

హవానాలో, వెదాదో పేటలో, యుసేబియో కెసాదా ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఫ్రిజ్జు యుసేబియో అంటే మాత్రం వీధికుక్క కూడా ముందు నడిచి ఇల్లు చూపిస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ పేటలో ఏ ఫ్రిజ్జు మూలిగినా ఆయనే వెళ్ళి, దాని పొట్టకి చెవి ఆనించి, "గ్యాసు కాదు, కంప్రెసరు" అని తేల్చేవాడు. ఊరందరి ఇళ్ళలో కూరలు కుళ్ళకుండా కాపాడిన ఆ మహానుభావుడికి, తన కడుపులోని కుళ్ళును ఆపే యంత్రం మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఆ కుళ్ళు మొదలైంది కూడా ఫ్రిజ్జు దగ్గరే. లోపల కాదు, తలుపు మీద.

భార్య సెనైదా బడిపంతులమ్మగా రిటైరైన మర్నాడే ఆ తలుపు మీద ఒక కాగితం అంటించింది. నగరంలో ఆ నెల జరిగే సభలు, కచేరీలు, ప్రదర్శనల క్యాలెండరు. సోమవారం గ్రంథాలయంలో ఉపన్యాసం. మంగళవారం బృందగానం. బుధవారం బొమ్మల ప్రదర్శన. గురువారం గిటారు. శుక్రవారం బ్యాలే. శనివారం ఎవరిదో శిల్పం మీద ముసుగు తీయడం. ఆదివారం పొద్దున కవి సమ్మేళనం, సాయంత్రం దన్సోన్ నాట్యం. డిసెంబరు వచ్చేసరికి వీటి మీద సినిమా పండగ ఒకటి. వారానికి ఏడే రోజులు పెట్టినవాడు హవానా చూసి ఉండడు.

"దీన్ని కాలెండరు అని ఎందుకన్నారో ఇప్పుడు తెలిసింది. కాలు ఎండలో పెట్టినవాళ్ళు మళ్ళీ ఇంటికి రారు," అన్నాడు యుసేబియో.

"నీకేం భయం ముసలాయనా, నువ్వు కాలు గడప కూడా దాటించవుగా," అంది సెనైదా, చెవులకి పోగులు పెట్టుకుంటూ.

ఆమె వెళ్ళాక ఆయనకి మిగిలేది ఒక చీటీ. 'అన్నం, నల్ల చిక్కుళ్ళు ఫ్రిజ్జులో ఉన్నాయి. వేడి చేసుకో.' చిక్కుళ్ళ మాట ఎలా ఉన్నా, చీటీ చదవగానే ఆయన మాత్రం వేడెక్కేవాడు.

ఎందుకంటే ఈ కార్యక్రమాలన్నింటికీ ఆమె ఒక్కతే వెళ్ళేది కాదు. మూడో అంతస్తులో ఉండే లియోవిహిల్దో కూడా వెళ్ళేవాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. ఒకప్పుడు పెద్ద వాద్యబృందంలో క్లారినెట్ వాయించినవాడు. మడత నలగని తెల్లచొక్కా, తెల్లటోపీ, మెట్ల మీద ఎదురైతే టోపీ తీసి పలకరింపు. పూర్తి పేరు పలికేలోపు బస్సు వెళ్ళిపోతుంది కాబట్టి అందరూ లియో అనేవారు. యుసేబియో మాత్రం చాటుగా పీపీగాడు అనేవాడు. మూడో అంతస్తులో ఆ పీపీ మోగితే రెండో అంతస్తులో ఈయన బీపీ పెరిగేది.

అసలు దెబ్బ డిసెంబరు మూడో ఆదివారం మీద పడింది. ఆ సాయంత్రం నాలుగింటికి ఏడాదికి చివరి దన్సోన్. జంటల పేర్లు రాసి గుమ్మం దగ్గర పెడతారు. సెనైదా పేరు పక్కన లియో పేరు ఉండబోతోంది.

"నన్నొక్క మాట అడిగితే పోయేదా?" అన్నాడు యుసేబియో.

"సెప్టెంబరులో అడిగాను. మోకాళ్ళన్నావు."

"ఉన్నాయి కాబట్టి అన్నాను."

"లియోకి కూడా ఉన్నాయి. ఆయన వాటి గురించి మాట్లాడడు, అంతే. అడిగినప్పుడు అడుగు వేయలేదు, ఇప్పుడు అడుగడుగునా అడ్డం పడతావేం?"

ఆమె మాట నిజమే. అందుకే ఆయనకి మరింత మండింది. ఆ నాట్యంలో మగవాడి కుడిచెయ్యి ఆడమనిషి వీపు మీద ఎక్కడుండాలో ఆయన ఒకసారి చాటుగా వెళ్ళి, నాట్యం జరిగే హాలు కిటికీలోంచి చూశాడు. అప్పటినుంచి ఆయన కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యే కనబడుతోంది.

ఈలోగా కింది అంతస్తు ఒబ్దూలియా తన ఫ్రిజ్జుని తొమ్మిదోసారి బాగు చేయించుకుంటూ ఒక మాట జారవిడిచింది. "ఆదివారం నాలుగింటికి ఎస్త్రెయా హాల్లో వేసే సినిమాకి వెళ్ళాలి. ఊరంతా దాని గురించే."

"కథేమిటి?"

"కథ ఎవడికి తెలుసు నాయనా. క్యూ చాలా పెద్దదట. అంత క్యూ ఉందంటే మంచిదే అయ్యుంటుంది."

ఆదివారం. నాలుగు గంటలు. యుసేబియో బుర్రలో కంప్రెసరు ఒక్కసారిగా మోగింది. ఊరంతా కావాలనుకునే సినిమాకి రెండు టిక్కెట్లు తెచ్చి చేతిలో పెడితే, ఏ ఆడమనిషి కాదంటుంది? గుమ్మం దగ్గర కాగితంలో లియో పేరు పక్కన ఖాళీ. ఆ చెయ్యి గాల్లో.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా ఎస్త్రెయా సినిమాహాలు ముందున్నాడు.

"చివరెవరు?" అని అరిచాడు.

హవానాలో శుభోదయం కంటే ముందు అడిగే ప్రశ్న అది. ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. 'అయితే నీ వెనకాల నేను' అనాలి. మన తర్వాత వచ్చినవాడికి మనం చెయ్యెత్తాలి. అంతే, ఇంక నిలబడక్కర్లేదు. నీడలో కూర్చోవచ్చు, కాఫీ తాగవచ్చు, ఇంటికెళ్ళి స్నానం చేసి రావచ్చు. మన చోటు నేల మీద ఉండదు, ముందువాడి మొహంలో ఉంటుంది. ఆ మొహం మాయమైతే మనకి మొహం చెల్లదు.

చెట్టు కింద బెంచీ మీంచి ఒక తెల్లటోపీ లేచింది.

"నేనే తమ్ముడూ," అన్నాడు లియో.

మింగలేక, కక్కలేక, "అయితే నీ వెనకాల నేను," అన్నాడు యుసేబియో. ఆ నాలుగు ముక్కలు గొంతు దాటడానికి ముప్పై ఏళ్ళ కాపురం అడ్డం పడింది.

"నీ ముందెవరు?"

"పసుపుపచ్చ గొడుగావిడ. ఎటో వెళ్ళింది."

"నీకెన్ని టిక్కెట్లు?"

"రెండు."

"రెండోది ఎవరికి?"

లియో మీసాల చాటున నవ్వాడు. "ఒక మహాతల్లికి. పేరడక్కు తమ్ముడూ. ఆవిడ ఒప్పుకున్న సంగతి ఇంకా ఊళ్ళో బయటపెట్టలేదు."

యుసేబియో మనసులో లెక్క వేసుకున్నాడు. నాట్యం నాలుగింటికి. సినిమా నాలుగింటికి. అంటే వీళ్ళు నాట్యం కూడా మానేసి సినిమాకే వెళ్తున్నారన్నమాట. నాట్యం దగ్గరైతే వెలుగుంటుంది, చుట్టూ నలభై మంది ముసలాళ్ళుంటారు, ఆ చెయ్యి ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది. చీకటి హాల్లో ఎవడు చూడొచ్చాడు?

అయితే ముందు సెనైదా చేతిలో టిక్కెట్టు ఎవరు పెడితే వాళ్ళదే గెలుపు. ఈ పీపీగాణ్ణి వదలకూడదు.

వదలకూడదనుకున్న క్షణంలోనే పీపీగాడు లేచాడు. "పదకొండుకి గాని కిటికీ తెరవరు. ఈలోగా ఫొటోల ప్రదర్శన చూసొస్తాను."

యుసేబియో వెంటపడ్డాడు. పది అడుగులు వేశాక వెనక నుంచి ఒగరుస్తూ ఒబ్దూలియా. ఆమె అప్పుడే వచ్చి, 'చివరెవరు' అని అడిగి, ఈయన ఎత్తిన చెయ్యి చూసుకుని స్థిరపడిన మనిషి.

"ఎక్కడికి పోతున్నావు? నా చోటు నీ మొహంలో ఉంది."

"నా చోటు వాడి మొహంలో ఉంది."

"అయితే నేనూ వస్తాను."

ఆమె వెనక ఉన్న పోస్టుమాను ఆమెని వదల్లేదు. పోస్టుమాను వెనకున్న ఇద్దరు నర్సులు పోస్టుమానుని వదల్లేదు. అలా తెల్లటోపీ ముందు, మిగతా క్యూ వెనకాల, ఇరవై మూడో వీధిలో ఒక తోక నడక సాగించింది. దారిన పోయేవాళ్ళు ఏమిస్తున్నారో కనుక్కోకుండానే తోకకి అతుక్కున్నారు. కోడిమాంసం అని ఎవరో అన్నారు.

ఫొటోల ప్రదర్శనలో జాలరుల పాదాలున్నాయి. ఒట్టి పాదాలే. గోడ నిండా మూడు వందల పాదాలు. లియో ఒక్కో పాదం ముందూ ఆగి తల పంకించాడు. యుసేబియో మూడు అడుగుల వెనక నిలబడి ముప్పావుగంట ఆ తలనే చూశాడు. సందర్శకుల పుస్తకం దగ్గరున్న అమ్మాయి పేరు రాయించుకుని ఆశ్చర్యపోయింది.

"కెసాదా? అంటే సెనైదాగారి భర్తా? మీరు నడవలేరని విన్నామే."

"ఇవాళ కొంచెం తేలిక పడింది," అన్నాడు యుసేబియో.

అక్కడినుంచి లియో కవి సమ్మేళనానికి దారి తీశాడు. ఒక పాత ఇంటి పెరట్లో పన్నెండు కుర్చీలు, ఆరుగురు శ్రోతలు, ఒక కవి. గుమ్మంలోంచి నలభై మంది జొరబడేసరికి కవి కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు.

తోక చివరనున్న ఒకావిడ మునివేళ్ళ మీద లేచి అడిగింది. "ఇక్కడేమిస్తున్నారు?"

"కవిత్వం," అన్నాడు పోస్టుమాను.

"మనిషికెన్ని?"

"ఇవాళ తలా రెండట."

జనాన్ని చూసిన కవి తలా పదకొండు ఇచ్చాడు. యుసేబియో ఒక ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చోబోయాడు. పక్కనున్న ముసలమ్మ విసనకర్రతో అడ్డుకుంది.

"అక్కడ కూర్చోకు. అది సెనైదా మొగుడి కుర్చీ."

"నేనేనమ్మా ఆ మొగుణ్ణి."

"కాదు. ఆయన రాడు. నాలుగు నెలలుగా చూస్తున్నాను. ఆ పిల్ల తన సంచీ ఆ కుర్చీలో పెట్టి, ఇవాళ వస్తాడు, ఇవాళ వస్తాడు అంటుంది. ఆయన రాడు. ఇవాళ ఆ పిల్లే రాలేదు, ఎవడో వచ్చి నేనే అంటే నమ్మేస్తానా?"

యుసేబియో నిలబడే పదకొండు కవితలూ విన్నాడు. తన కుర్చీ మీద తనకే అసూయ పుట్టడం ఆయనకి కొత్త. గుండెలో ఏదో మెత్తబడబోయింది కూడా. అంతలో సెనైదా కుర్చీకి అటుపక్క కుర్చీలో లియో కాలు మీద కాలు వేసుకుని కనబడ్డాడు. మెత్తబడింది కాస్తా మళ్ళీ గడ్డకట్టింది. ఆ పనిలో ఆయనకి ముప్పై ఏళ్ళ అనుభవం.

మధ్యాహ్నానికి తోకంతా తిరిగి ఎస్త్రెయా చేరింది. లియో రెండు టిక్కెట్లు తీసుకున్నాడు. వెంటనే యుసేబియో రెండు తీసుకున్నాడు. తీసుకుని పరుగెత్తాడు. మోకాళ్ళ సంగతి ఆయనకి గుర్తు రాలేదు, మోకాళ్ళకీ ఆయన గుర్తు రాలేదు.

సెనైదా ఇస్త్రీ చేస్తోంది. నీలం గౌను పూర్తయి కుర్చీ మీద ఉంది. మొగుడి తెల్లచొక్కా బల్ల మీద ఉంది. యుసేబియో వగరుస్తూ టిక్కెట్లు చొక్కా మీద పెట్టాడు.

"ఏమిటివి?"

"సినిమా. నాలుగింటికి. నీకోసం."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆయన వైపు చూసింది. "నువ్వు క్యూలో ఉన్నావా? నాకోసం?"

"పొద్దున ఎనిమిది నుంచి."

"ఏం సినిమా?"

యుసేబియో టిక్కెట్టు తిప్పి చూశాడు. అక్కడ తేదీ తప్ప ఏమీ లేదు. "చాలా మంచిది. క్యూ అంత పొడుగుంది."

ఆమె టిక్కెట్లు తీసి గౌను మీద పెట్టి, చొక్కా ఇస్త్రీ పూర్తి చేసింది. తర్వాత, "సరే. చొక్కా వేసుకో," అంది.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. గెలిచినవాడికి గెలుపు మీద అనుమానం రాకూడదు. ఈయనకి హాలు చేరేదాకా వస్తూనే ఉంది.

హాల్లో కూర్చున్నారు. వెనక వరసలో ఒబ్దూలియా వేరుశెనగ పొట్లంతో స్థిరపడింది. దీపాలు ఆరబోతుండగా ముందు వరసలోకి తెల్లటోపీ వచ్చింది. దాని పక్కన ఎర్ర పెదాల ఆడమనిషి, చేతిలో పెద్ద సంచీ. లియో ఆమె కూర్చోబోయే సీటు రుమాలుతో తుడిచాడు.

యుసేబియో ముందుకి వంగాడు. "ఎవరావిడ?"

"పళ్ళ డాక్టరు ఇలుమినాదా," అంది సెనైదా. "రెండేళ్ళుగా ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు పాపం. ఉన్న ఇరవై పళ్ళు చూపించుకోడానికి అరవై సార్లు వెళ్ళాడు. బుధవారం ఒప్పుకుందట."

"మరి... మీ దన్సోన్?"

"బుధవారమే రానని చెప్పేశాడుగా."

"మరి నీకు జంట ఎవరు?"

సెనైదా తెర వైపే చూస్తూ అంది. "నువ్వు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అడుగుదామనుకున్నాను. అందుకే చొక్కా ఇస్త్రీ చేశాను. ఈలోగా నువ్వు టిక్కెట్లు తెచ్చావు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నాకోసం క్యూలో నిలబడ్డాడు, పోనీలే, నాట్యం మళ్ళీ ఎప్పుడైనా చూసుకోవచ్చు అనుకున్నాను."

దీపాలు ఆరాయి. యుసేబియో మొహం ఎవరికీ కనబడకపోవడం ఒక్కటే ఆ పూట ఆయనకి దొరికిన అదృష్టం.

సినిమా మొదలైంది. ఉప్పునేల. అంతులేని తెలుపు. ఒక మనిషి నడుస్తున్నాడు. ఆయన మేక తప్పిపోయింది. ఆ సంగతి తెలియడానికి నలభై నిమిషాలు పట్టింది, ఎందుకంటే ఆయన ఎవరితోనూ మాట్లాడడు, మాట్లాడటానికి ఎవరూ లేరు. మనిషి ఒకసారి దగ్గాడు. హాల్లో కొందరు నిటారుగా కూర్చున్నారు, కథ మలుపు తిరిగిందేమోనని. తిరగలేదు, ఆయనే ఇటు తిరిగాడు. పైన ఏసీ మాత్రం శవాల గదిలోలాగా చల్లగా వీస్తోంది. కంప్రెసరులో బేరింగు పోయిందని, ఈ హాల్లో తనకి అర్థమైన కథ అదొక్కటేనని యుసేబియో గ్రహించాడు.

"సెనా," అన్నాడు మెల్లగా. "ఐదే అయింది. ఆరుదాకా ఉంటుందిగా దన్సోన్. పద, వెళ్ళిపోదాం."

"కూర్చో."

"బాగాలేదే సినిమా."

"ఎనిమిది నుంచి నిలబడి తెచ్చావు. ఒక్క నిమిషం కూడా వదలను."

"మేక దొరకదు సెనా. నాకు తెలిసిపోయింది."

"నువ్వు మోకాళ్ళతో డాన్సుకి ఎలా వస్తావు? అక్కడ గంట నిలబడాలి."

"నిలబడగలను."

వెనక నుంచి వేరుశెనగ నములుతున్న చప్పుడు ఆగింది. "నిలబడగలడే సెనైదా," అంది ఒబ్దూలియా. "పొద్దున ఫొటోల దగ్గర ముప్పావుగంట నిలబడ్డాడు. కవి దగ్గర గంటన్నర. ఇరవై మూడో వీధి అంతా లియో వెనకాల నడిచాడు. నేను ఈయన వెనకాలే ఉన్నాగా, కళ్ళారా చూశాను. తిరిగి వెళ్ళేటప్పుడైతే పరుగే."

"ఓహో," అంది సెనైదా.

ముందు వరసలోంచి లియో వెనక్కి తిరిగాడు. "నిజమే సెనైదా. నేను ఒక్కో పాదం దగ్గర ఆగితే తమ్ముడు కూడా ఆగాడు. ఇంత కళాభిమానం ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు."

"అందరూ నోరు మూసుకుంటారా?" అన్నాడు ఎవరో. "మేక వస్తున్నట్టుంది."

రాలేదు. మూడో గంట చివర మేక తనంతట తనే ఇంటికి చేరింది. మనిషి చేరలేదు. తెర నల్లబడింది. హాల్లో సగం మంది చప్పట్లు కొట్టారు, మిగతా సగం చలికి చేతులు రుద్దుకున్నారు.

బయటికి వచ్చేసరికి ఏడయింది. దన్సోన్ జరిగిన చోటు రెండు సందుల అవతలే. అక్కడ కుర్చీలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, నేల తుడుస్తున్నారు. గుమ్మం పక్కన కాగితం ఇంకా ఉంది. పదిహేను జంటల పేర్లు. పదహారో వరసలో సెనైదా పేరు ఒక్కటే రాసి, పక్కన చోటు ఖాళీగా ఉంచారు. యుసేబియో ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. అది సరిగ్గా తన పేరు పట్టేంత ఉంది.

"నీకోసం కాదు సెనా ఆ టిక్కెట్లు," అన్నాడు చివరికి. "నువ్వు వాడితో ఆడకూడదని."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"సినిమా పేరు చెప్పలేకపోయినప్పుడు."

"మరి ఎందుకొచ్చావు?"

"ఇంత తెలివైన పథకం వేసినవాడు, అది పూర్తిగా చూడాలి కదా. మధ్యలో లేస్తే నీకేం తెలుస్తుంది, నాకేం తీరుతుంది." ఆమె చేతిసంచీ సర్దుకుంది. "మోకాళ్ళు బాగున్నాయని ఊరంతా చూసింది. ఇంక వాటి పేరు ఎత్తకు."

ఎత్తలేదు. జనవరి మొదటి తారీఖున ఫ్రిజ్జు తలుపు మీద కొత్త కాగితం వచ్చింది. మంగళ, గురువారాలు, సాయంత్రం ఐదు గంటలు. కొత్తవాళ్ళకి దన్సోన్ పాఠాలు. నేర్పేవారు: లియోవిహిల్దో. పక్కన సెనైదా చేతిరాతతో యుసేబియో పేరు.

మొదటి రోజు ఆయన ముగ్గురు ఆడవాళ్ళ కాళ్ళు తొక్కాడు. రెండో రోజు ఆ ముగ్గురూ బూట్లు మార్చుకుని వచ్చారు, నాలుగో ఆవిడ మాత్రం రాలేదు. మూడో రోజుకి ఆయనతో ఆడటానికి ఒక్కరూ లేవలేదు. దన్సోన్‌లో కొంతసేపు జంట కదలకుండా నిలబడి, విసనకర్ర విసురుకుంటూ పాట వినాలి. యుసేబియోకి వచ్చిన భాగం అదొక్కటే. కదలాల్సిన చోట నిలబడేవాడు, నిలబడాల్సిన చోట కదిలేవాడు.

"ఇలా లాభం లేదు తమ్ముడూ," అన్నాడు లియో టోపీ తీసి పక్కన పెట్టి. "నడిపించేవాడు ముందు నడవడం నేర్చుకోవాలి. ఆడమనిషి వైపు నువ్వుండు. మగవైపు నేనుంటాను."

అంటూ ఎడమచేత్తో ఆయన చెయ్యి అందుకుని, కుడిచెయ్యి తీసి యుసేబియో వీపు మీద పెట్టాడు. నెలల తరబడి కలలో కనబడిన చెయ్యి. సరిగ్గా అదే చోట.

"కాళ్ళ వైపు చూడకు. నా కళ్ళలోకి చూడు."

యుసేబియో చూశాడు. బెంచీ మీద సెనైదా విసనకర్రతో లెక్క పెడుతూ, మొహం చాటు చేసుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

ఐదున్నరకి పళ్ళ డాక్టరు ఇలుమినాదా లోపలికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. ప్రతి మంగళవారం తనతో కాఫీ తాగాల్సిన మనిషి, ఒక ఫ్రిజ్జు మెకానిక్కుని నడుము పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు. ఆమె పళ్ళు నూరింది. ఊరందరి పళ్ళూ కాపాడే మనిషి పళ్ళు నూరడం సెనైదా చూడటం అదే మొదటిసారి.

"ఇదెన్నాళ్ళనుంచి?" అంది ఇలుమినాదా.

"మూడు పాఠాలైంది," అంది సెనైదా. "కంగారు పడకండి డాక్టరుగారూ, మా ఆయనకి రెండో అడుగు ఇంకా రాలేదు."

"లియో అంత దగ్గరగా నాతో కూడా ఆడలేదు."

ఆ మాట నాట్యం మధ్యలో యుసేబియో చెవిన పడింది. తన మూలంగా ఒకరు అసూయపడటం ఆయన అరవై నాలుగేళ్ళ జీవితంలో అదే మొదలు. వెన్ను నిటారుగా పెట్టాడు, గడ్డం పైకెత్తాడు, ఎంతో ఠీవిగా లియో కాలు తొక్కాడు.